కళ్లజోడు ఒక్కటే సరిపోతుందా? సూపర్ హీరోల రహస్య గుర్తింపును ఎంతవరకు నమ్మవచ్చు

2025 జూలైలో విడుదలైన జేమ్స్ గన్ ‘సూపర్‌మ్యాన్’ చిత్రంలో కళ్లజోడు గురించి ఒక చిన్న ప్రస్తావన వస్తుంది. సూపర్‌మ్యాన్ మామూలు మనిషిగా మసలేటప్పుడు, అంటే క్లార్క్ కెంట్‌గా, పెట్టుకునేవి మామూలు అద్దాలు కావని, చూసేవారి మనసు మీద పనిచేసి అతని ముఖాన్ని వేరుగా చూపించే గుణం వాటికి ఉందని ఆ మాటల సారాంశం. 1938 నుంచి పాఠకులూ ప్రేక్షకులూ అడుగుతున్న ప్రశ్నకు ఇది ఒక జవాబు. నగరమంతా ఎరిగిన ముఖం కళ్లజోడు పెట్టుకోగానే పక్క బల్ల దగ్గర పనిచేసేవారికి కూడా ఎందుకు తెలియకుండా పోతుంది అన్నదే ఆ ప్రశ్న. ఇంతకాలానికి సమాధానం దొరికిందని కొందరు సంతోషించవచ్చు. అడగకుండా వదిలేయాల్సిన ప్రశ్నకు జవాబు చెప్పి ఉన్న అందాన్ని తగ్గించారని మరికొందరికి అనిపించవచ్చు.

ఈ చర్చ తెగకపోవడానికి ఒక కారణం ఉంది. ఒకే ప్రశ్నలా వినిపించే దీనిలో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. మనిషి కన్ను ముఖాలను ఎంత బాగా పోల్చుకోగలదన్నది మొదటిది, అసలు అనుమానం ఎవరికి, ఎందుకు కలుగుతుందన్నది రెండోది, కామిక్ పుస్తకంలో ఇమిడిపోయిన ఏర్పాటు కెమెరా ముందు ఎందుకు తేలిపోతుందన్నది మూడోది. వీటిని విడదీసి చూస్తే, అందరూ నవ్వుకునే కళ్లజోడు అంత బలహీనమైనది కాదని తెలుస్తుంది. అసలు బలహీనత మరోచోట ఉందని కూడా తెలుస్తుంది.

రహస్య గుర్తింపు అంటే ఏమిటి

ఒకే వ్యక్తి సమాజంలో రెండు పేర్లతో, రెండు జీవితాలతో మసలుతూ ఆ రెంటికీ సంబంధం ఉందన్న సంగతిని దాచిపెట్టడాన్ని రహస్య గుర్తింపు అంటారు. దాచేది ముఖాన్ని కావచ్చు, కాకపోవచ్చు. ఎప్పుడూ దాచవలసింది మాత్రం ఆ రెండు జీవితాల మధ్య ఉన్న ముడిని. ఈ తేడాను గుర్తుంచుకుంటే తరువాతి చర్చ సులువవుతుంది.

సూపర్ హీరోలకు ముందే ఈ పద్ధతి ఉంది. బారొనెస్ ఆర్ట్సీ సృష్టించిన స్కార్లెట్ పింపర్నెల్ 1905 నాటి నవలలో ఫ్రెంచి విప్లవ కాలంలో తలలు నరికే గిలెటిన్ యంత్రం నుంచి మనుషులను తప్పిస్తూ, ఇంగ్లండులో మాత్రం షోకులు తప్ప మరేమీ పట్టని ధనికుడిగా తిరుగుతాడు. 1919లో జాన్‌స్టన్ మెకల్లీ రాసిన జోరో రాత్రివేళ నల్ల ముసుగుతో కత్తి దూస్తాడు, పగలు నీరసంగా, పిరికివాడిలా కనిపిస్తాడు. జెర్రీ సీగెల్, జో షూస్టర్ 1938లో సూపర్‌మ్యాన్‌ను తెచ్చినప్పుడు క్లార్క్ కెంట్‌ను బెరుకుగా, తడబడుతూ ఉండే విలేకరిగా చిత్రించారు. అది ఈ వరుసకు కొనసాగింపే. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ కూడా పగలు బ్రూస్ వేన్ అనే విలాసపురుషుడు. వీరందరిలోనూ ముఖం కన్నా ముందు స్వభావం మారుతుంది.

తరువాత వచ్చిన పాత్రలను కూడా కలుపుకుని చూస్తే మూడు ఏర్పాట్లు కనిపిస్తాయి. బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ వీరుడిగా ఉన్నప్పుడు ముఖం కప్పుకుంటారు, మామూలుగా ఉన్నప్పుడు ముఖం తెరిచి ఉంచుతారు. ఐరన్‌మ్యాన్ వంటివారికి ఒళ్లంతా కవచమే కనుక అక్కడ పోల్చుకోవడానికి ముఖమే ఉండదు. సూపర్‌మ్యాన్‌ది తలకిందుల ఏర్పాటు. వీరుడిగా ఉన్నప్పుడు అతని ముఖం పూర్తిగా తెరిచే ఉంటుంది, వేషం వేసుకునేది మామూలు మనిషిగా ఉన్నప్పుడే. అతన్ని ఎక్కువగా తప్పుపట్టడానికి కారణం ఇదే. అయితే అతని రహస్యం అందరికన్నా గట్టిగా నిలవడానికి కూడా ఇదే కారణమని నా అభిప్రాయం. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

అపరిచితుల ముఖాల దగ్గర కన్ను ఎంత పొరబడుతుంది

ముఖాలను గుర్తుపట్టడంలో మనం నిపుణులమని అందరికీ ఒక నమ్మకం ఉంటుంది. బాగా తెలిసిన ముఖాల విషయంలో అది నిజమే. పాతికేళ్ల తరువాత రైల్వే స్టేషన్లో కనిపించిన చిన్ననాటి స్నేహితుడిని వెనక నుంచి నడక చూసే పోల్చుకోగలం. తెలియని ముఖాల విషయానికి వస్తే ఇదే మనిషి ఆశ్చర్యపోయేంతగా పొరబడతాడు.

రాబ్ జెంకిన్స్, అతని సహచరులు 2011లో ప్రచురించిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. నెదర్లాండ్స్‌లో ప్రసిద్ధులైన ఇద్దరు వ్యక్తులవి చెరి 20 చొప్పున 40 ఫొటోలు తీసుకుని, ఒక్కో మనిషి ఫొటోలను ఒక్కో కుప్పగా పెట్టమని బ్రిటన్‌లోని వారికి ఇచ్చారు. ఆ ప్రసిద్ధులు బ్రిటన్‌వారికి తెలియదు. వారు సాధారణంగా ఏడెనిమిది కుప్పలు పేర్చారు, అంటే ఇద్దరు మనుషులు వారి కంటికి ఏడెనిమిది మందిగా కనిపించారు. అవే ఫొటోలను డచ్చివారు పెద్దగా తడబడకుండా రెండు కుప్పలుగా విడదీశారు. వెలుతురు, కోణం, జుట్టు, ముఖకవళిక మారితే చాలు, తెలియని ముఖం మరో మనిషిదైపోతుంది.

కళ్లజోడు మీదే నేరుగా జరిగిన పరిశోధన కూడా ఉంది. యార్క్ విశ్వవిద్యాలయంలో రాబిన్ క్రేమర్, కే రిచీ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు ఫొటోలలో ఉన్నది ఒకే మనిషా కాదా చెప్పమని అడిగారు. రెండింటిలోనూ కళ్లజోడు ఉన్నా, రెండింటిలోనూ లేకున్నా సుమారు 80 శాతం జవాబులు సరిగ్గా వచ్చాయి. ఒకదానిలో ఉండి మరోదానిలో లేనప్పుడు ఆ సంఖ్య 74 శాతం దగ్గరికి దిగింది. ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. కళ్లజోడు నిజంగానే కొంత పనిచేస్తుందన్నది ఒకటి. దాని ప్రభావం ఆరు శాతం మాత్రమేనన్నది రెండోది. ఆరు శాతంతో మహానగరాన్ని మోసగించలేరు. కళ్లజోడు అసలే లేనప్పుడు కూడా ప్రతి అయిదు జవాబుల్లో ఒకటి తప్పవుతోందన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు.

వేషాన్ని పట్టుదలతో వేస్తే ఫలితం ఇంకా పెద్దది. ఎయిలిడ్ నోయెస్, జెంకిన్స్ కలిసి జరిపిన పరిశోధనలో కొందరు మనుషులు తమలా కనిపించకుండా ఉండేందుకు కావాలని జుట్టు, గడ్డం, అలంకరణ మార్చుకున్నారు. వారిని ఎరగనివారు ఫొటోలు పోల్చగలిగిన సామర్థ్యం సుమారు 30 శాతం పడిపోయింది. ముందే ఎరిగినవారు అంతగా మోసపోలేదు.

ప్రయోగశాల బయట కూడా పరిస్థితి ఇంతే. 1997లో రిచర్డ్ కెంప్, అతని సహచరులు ప్రచురించిన అధ్యయనంలో క్రెడిట్ కార్డుల మీద ఫొటోలు ముద్రించి సూపర్‌మార్కెట్ క్యాషియర్లకు ఇప్పించారు. ఎదురుగా నిలబడ్డ మనిషిది కాని ఫొటో ఉన్న కార్డుల్లో సగానికి పైగా చెల్లుబాటైపోయాయి. 1998లో డేనియల్ సైమన్స్, డేనియల్ లెవిన్ ఇంకొంచెం ముందుకు వెళ్లారు. దారి అడుగుతున్న మనిషికీ చెబుతున్న మనిషికీ మధ్యలోంచి ఒక తలుపును మోసుకుపోతూ, ఆ చాటున దారి అడిగే మనిషినే మార్చేశారు. సుమారు సగం మంది ఆ తేడా గమనించకుండానే కొత్త మనిషికి మిగతా దారి చెప్పారు.

అందువల్ల వీధిలో, రైల్లో, హోటల్లో క్లార్క్ కెంట్‌ను ఎవరూ గుర్తుపట్టకపోవడంలో నమ్మలేనిది ఏమీ లేదు. ఆ మేరకు 1938 నాటి కథకులు మానవ స్వభావాన్ని సరిగానే అంచనా వేశారు.

తెలిసినవారి దగ్గర లెక్క ఎందుకు మారుతుంది

కొత్త ముఖాన్ని పోల్చుకునేటప్పుడు మనం ఎక్కువగా జుట్టు, తల ఆకారం వంటి బయటి లక్షణాల మీద ఆధారపడతామని, పరిచయం పెరిగేకొద్దీ కళ్లు, ముక్కు, నోరు ఉన్న లోపలి భాగం ముఖ్యమవుతుందని ముఖ గుర్తింపు పరిశోధకులు చాలాకాలం కిందటే గుర్తించారు. పాపిడి మార్చి భుజాలు వంచుకుంటే తెలియనివారు మోసపోవడం, తెలిసినవారు మోసపోకపోవడం ఇందువల్లే.

క్లార్క్‌తో పాటు పనిచేసే విలేకరి లోయిస్ లేన్ దగ్గర సమస్య వచ్చేది ఇక్కడే. ఆమె క్లార్క్‌ను రోజూ చూస్తుంది. సూపర్‌మ్యాన్‌ను అతి దగ్గర నుంచి చూసిన కొద్దిమందిలో కూడా ఆమె ఒకరు. రెండు ముఖాలూ ఆమెకు తెలిసినవే. పైగా నిజం తవ్వితీయడం ఆమె వృత్తి. జెంకిన్స్ ప్రయోగంలోని మాటల్లో చెప్పాలంటే, కథ ఆమెను డచ్చివారి స్థానంలో నిలబెట్టి బ్రిటన్‌వారిలా తడబడమంటోంది.

1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ చిత్రం ఈ ఇబ్బందిని నటనతో దాటే ప్రయత్నం చేసింది. క్రిస్టఫర్ రీవ్ క్లార్క్‌గా ఉన్నప్పుడు భుజాలు ముందుకు వంగుతాయి, గొంతు పైస్థాయికి వెళుతుంది, చేతులకు ఏం చేయాలో తోచదు. లోయిస్ ఇంట్లో, ఆమె అటు తిరిగి ఉన్న కొద్ది క్షణాల్లో, అతను కళ్లజోడు తీసి, నిటారుగా నిలబడి, నిజం చెప్పేయబోతాడు. ధైర్యం చాలక మళ్లీ ముడుచుకుపోతాడు. ఆ కాసేపట్లో ఎత్తు, గొంతు, ముఖంలోని నిబ్బరం అన్నీ మారి తిరిగి వెనక్కి వస్తాయి. రహస్య గుర్తింపు మీద తెరపై వచ్చిన వాదనలన్నింటిలో అంత బలమైనది మరొకటి లేదని నమ్ముతాను. మామూలు జీవితంలో మనం మనుషులను ముఖంతో పాటు నడకతో, నిలబడే తీరుతో, మాట తీరుతో కూడా గుర్తుపడతాం. ఇవన్నీ ఒక్కసారిగా మారితే దగ్గరివారిలో కూడా అనుమానం ఆలస్యంగా పుట్టవచ్చు. అయితే ఎప్పటికీ పుట్టదని చెప్పలేం. 1980లో వచ్చిన రెండో చిత్రం లోయిస్‌కు నిజం తెలిసిపోయేలా చేసింది, 2013 నాటి ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ అతను ఇంకా సూపర్‌మ్యాన్ కాకముందే ఆమె చేత ఆచూకీ తీయించింది, 2025 చిత్రంలో ఆమెకు మొదటినుంచీ తెలుసు. దర్శకులు ఒకరి తరువాత ఒకరుగా ఈ ఒక్క పాత్రను మినహాయించుకుంటూ వచ్చారంటే, ఇబ్బంది ఎక్కడుందో వారికీ తెలుసన్నమాట.

మన దేశంలో కూడా ఇదే పద్ధతి కనిపించింది. 1997లో దూరదర్శన్‌లో మొదలైన ‘శక్తిమాన్’ ధారావాహికలో గంగాధర్ పాత్ర కళ్లజోడు, ఎత్తుపళ్లు, అతి వినయం కలబోసిన వేషం. తెలుగు ఇళ్లలో పెరిగిన ఆ తరం పిల్లలకు రహస్య గుర్తింపు అంటే మొదట పరిచయమైనది అతనే. అక్కడ కూడా వేషం బరువంతా మోసింది ముఖేష్ ఖన్నా నటనలోని తేడాయే.

అనుమానం ఎవరికి కలుగుతుంది

ఇక రెండో ప్రశ్నకు వద్దాం. ముసుగు వేసుకున్న మనిషిని చూడగానే ఎవరికైనా కలిగే మొదటి ఆలోచన, దాని వెనుక ఎవరున్నారని. ముసుగు ముఖాన్ని దాస్తూనే, తన వెనుక ఒక రహస్యం ఉందని చాటుతుంది. సూపర్‌మ్యాన్‌కు ముసుగు లేదు. ఆకాశంలో ఎగిరే ఆ మనిషికి వేరే ఉద్యోగం, అద్దె ఇల్లు, జీతం ఉంటాయని ఊహించడానికి ఎవరికీ కారణం లేదు. అతను సూపర్‌మ్యాన్‌గానే ఎక్కడో ఉంటాడని అందరూ అనుకుంటారు. ప్రశ్నే పుట్టని చోట జవాబు వెతికేవారు ఉండరు.

1987లో జాన్ బర్న్ రాసి గీసిన ఒక కామిక్ సంచిక దీన్ని చక్కగా పట్టుకుంది. సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ తన మనుషులు పోగుచేసిన సమాచారమంతా కంప్యూటర్‌కు ఇస్తాడు. క్లార్క్ కెంటే సూపర్‌మ్యాన్ అని కంప్యూటర్ తేల్చి చెబుతుంది. లూథర్ ఒప్పుకోడు. అంతటి శక్తి ఉన్నవాడు మామూలు మనిషిలా నటిస్తూ బతకడం అతని ఊహకు అందదు. ఆధారం కళ్లెదుట ఉన్నా, తన స్వభావానికి పొసగని నిజాన్ని అతను తోసిపుచ్చుతాడు.

ఈ విషయాన్ని ఊహాజనితమైన చిన్న లెక్కతో చూడవచ్చు. సూపర్‌మ్యాన్ ఉండే మెట్రోపోలిస్ నగరం జనాభా 80 లక్షలు అనుకుందాం. సూపర్‌మ్యాన్‌కు దగ్గరి పోలికలున్నవారు వెయ్యికి ఒకరు ఉంటారనుకుంటే, నగరంలో అటువంటివారు 8,000 మంది అవుతారు. రైల్లో ఎదురుగా కూర్చున్న క్లార్క్‌ను చూసి ఒక ప్రయాణికుడికి సూపర్‌మ్యాన్‌లా ఉన్నాడే అనిపించింది. సూపర్‌మ్యాన్ ఈ నగరంలోనే మారుపేరుతో బతుకుతున్నాడని అతనికి ఎవరో ముందే చెప్పినా, అతని అనుమానం నిజమయ్యే అవకాశం 8,000లో ఒకటి మాత్రమే. అంత తక్కువ అవకాశాన్ని పట్టుకుని ఏ మనిషీ కేకలు వేయడు. పోలికే తప్ప మరేమీ కాదని సర్దుకుంటాడు, అలా సర్దుకోవడం తెలివైన పనే.

ఇప్పుడు అదే అనుమానం ఆఫీసులో లోయిస్‌కు కలిగిందనుకుందాం. సూపర్‌మ్యాన్ ఎక్కడైనా కనిపించిన ప్రతిసారీ క్లార్క్ కుర్చీ ఖాళీగా ఉంటుంది. విలేకరి కనుక మామూలుగా కూడా సగం సమయం బయటే ఉంటాడనుకుందాం, అప్పుడు ఒక్కసారి ఖాళీగా ఉండటం వల్ల ఏమీ తేలదు. అయితే సంబంధం లేని మనిషి రెండుసార్లూ కనిపించకపోయే అవకాశం నాలుగింట ఒకటి, మూడుసార్లయితే ఎనిమిదింట ఒకటి. పదిసార్లకు అది 1,024లో ఒకటి, పదమూడుసార్లకు 8,192లో ఒకటి అవుతుంది. అంటే పోలికలున్న ఆ 8,000 మందిలో యాదృచ్ఛికంగా పదమూడుసార్లూ కనిపించకుండా పోగలిగినవారు సుమారు ఒక్కరు మిగులుతారు. ఒక ఏడాదిలో ఇన్ని సంఘటనలు జరగడం మెట్రోపోలిస్‌లో వింత కాదు. అనుమానం 8,000లో ఒకటి నుంచి దాదాపు సగానికి సగం వరకు పెరిగింది. ఇందులో ముఖం చేసిన పని మొదటి మెట్టు మాత్రమే, మిగతాదంతా హాజరుపట్టీ చేసింది.

ఈ లెక్క జరగాలంటే ఎవరో ఒకరు ఆ ఖాళీ కుర్చీని లెక్కపెడుతూ ఉండాలి. ఆ అవసరం లేనివారు పదమూడు కాదు, వందసార్లయినా గమనించరు.

ముఖం బయటపెట్టని నిజాన్ని బయటపెట్టే ఆధారాలు

మంచి చిత్రాలు ఈ సూక్ష్మాన్ని గ్రహించాయి. వాటిలో రహస్యం బయటపడేది ముఖపోలిక వల్ల కాదు. 2002 నాటి ‘స్పైడర్‌మ్యాన్’లో విందు భోజనం దగ్గర స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్ పార్కర్ చేతి మీద కోసుకుపోయిన గాయాన్ని విలన్ నార్మన్ ఆస్‌బోర్న్ చూస్తాడు. ఆ గాయం చేసింది తానే కనుక అతనికి వేరే ఆధారం అక్కరలేదు. 2008 నాటి ‘ద డార్క్ నైట్’లో బ్రూస్ వేన్ కంపెనీ లెక్కలు పరిశీలిస్తున్న ఉద్యోగి ఒకడు, బ్యాట్‌మ్యాన్ నడిపే వాహనపు నమూనా తమ సంస్థ కాగితాల్లోనే ఉండటం గమనిస్తాడు. ఆ పరికరాలకు డబ్బు ఎవరు పెట్టారన్న దారి పట్టుకుంటే ముసుగు వెనుక ముఖంతో పనే లేదు. 2017 నాటి ‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’లో కారు నడుపుతున్న విలన్ టూమ్స్‌కు, వెనక సీట్లో కూర్చున్న కుర్రాడి గొంతు ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది. వాషింగ్టన్‌లోనూ, ఇంట్లో జరిగిన వేడుకలోనూ పీటర్ మధ్యలోనే మాయమైన సంగతి కూతురు మాటల్లో దొర్లుతుంది. పైన మనం వేసిన లెక్కను టూమ్స్ కారు అద్దంలో చూస్తూ వేసుకుంటాడు. రహస్యం ఎలా కూలాలో అలాగే కూలిన సన్నివేశమది.

తెలుగువారికి ఈ తర్కం కొత్త కాదు. తిక్కన భారతాన్ని తెలిగించడం మొదలుపెట్టిన విరాటపర్వం మొత్తం రహస్య గుర్తింపు కథే. పాండవులు ఒక ఏడాది పాటు ఎవరికీ తెలియకుండా బతకాలి, తెలిస్తే మళ్లీ పన్నెండేళ్ల వనవాసం తప్పదు. ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచి, భీముడు వంటవాడిగా, అర్జునుడు బృహన్నలగా, ద్రౌపది సైరంధ్రిగా విరాటుని కొలువులో చేరతారు. వృత్తి, నడవడి, హోదా మారడం వల్ల, వారిని అంత దగ్గరగా ఎరిగినవారు అక్కడ లేకపోవడం వల్ల అది సాగుతుంది. దుర్యోధనుడి వేగులు ఎంత వెతికినా ముఖాలు పట్టించవు. గంధర్వుల చేతిలో పోయాడని ప్రచారమైన కీచకుడి చావు వార్త మాత్రం చిక్కు తెస్తుంది. అంతటి బలవంతుడిని ఒట్టి చేతులతో చంపగలవారు ఎందరున్నారన్న ఆలోచనే దుర్యోధనుడికి అనుమానం కలిగించినట్టు మన నాటకాలూ సినిమాలూ చూపించాయి. చివరకు గోగ్రహణం నాడు ద్రోణుడు అర్జునుడిని పోల్చుకునేది శంఖధ్వనిని బట్టి. దాచిన ముఖాన్ని సామర్థ్యం పట్టిచ్చింది, వెతుకుతున్న మనిషి ఉన్నాడు కనుకనే పట్టిచ్చింది.

ముసుగు ఏ భాగాన్ని కప్పాలి

స్పైడర్‌మ్యాన్ ముసుగు తలంతా కప్పుతుంది కనుక దాని గురించి వాదన లేదు, గొంతు ఒక్కటే మిగులుతుంది. కళ్ల చుట్టూ మాత్రమే ఉండే చిన్న ముసుగు నవ్వు తెప్పించేదిగా అనిపించినా, పూర్తిగా పనికిరానిది కాదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రసిద్ధుల ఫొటోల నుంచి కనుబొమలు చెరిపేసినప్పుడు, కళ్లు చెరిపేసినప్పటి కన్నా గుర్తుపట్టడం కష్టమైంది. బ్యాట్‌మ్యాన్ తలకట్టు జుట్టునూ కనుబొమలనూ రెంటినీ దాచేస్తుంది. మిగిలేవి గడ్డం, పెదవులు. వాటితో అపరిచితులు మనిషిని పోల్చలేరు. ఎన్నో ఏళ్లుగా ఆ పెదవుల కదలికను చూస్తున్న స్నేహితురాలి విషయం మాత్రం వేరు.

కెమెరా తెచ్చిన చిక్కు

కామిక్ పుస్తకంలో ముఖమంటే కొన్ని గీతలు. అందులో వీరులంతా దాదాపు ఒకే దవడతో, ఒకే జుట్టుతో ఉంటారు. ఎవరు ఎవరో చెప్పేది దుస్తులే. ఆ లోకంలో దుస్తులు మారితే మనిషి మారడం సహజంగా ఇమిడిపోతుంది. సినిమాలో అలా కాదు. ఇరవై అడుగుల ఎత్తున తెర మీద ఒక నటుడి నిజమైన ముఖం, ప్రతి గీతతో సహా కనిపిస్తుంది. అతన్ని ప్రేక్షకుడు ఎన్నో చిత్రాల్లో, ప్రకటనల్లో చూసి ఉంటాడు కూడా.

ఇంకొక అన్యాయం కూడా జరుగుతుంది. క్లార్కే సూపర్‌మ్యాన్ అని తెలిసిన తరువాతే మనం సినిమా చూడటానికి కూర్చుంటాం. ఒకసారి తెలిసిన సంగతిని తెలియనివారి స్థానంలో నిలబడి ఊహించడం మనసుకు చాలా కష్టం. జవాబు చేతిలో పెట్టుకుని లెక్క చూసేవారికి ప్రతి లెక్కా తేలికే. లోయిస్‌ను తెలివితక్కువదని తీర్మానించే ముందు, మనకు రెండు ముఖాలను పక్కపక్కన పెట్టి చూపించింది దర్శకుడేనన్న సంగతిని గుర్తుచేసుకోవాలి.

ఒప్పందమా, వివరణా

ఇంతకూ సినిమా ఏం చేయాలన్న విషయంలో రెండు బలమైన అభిప్రాయాలున్నాయి. రహస్య గుర్తింపు ఒక కథా సంప్రదాయమని, దాన్ని ఒప్పుకునే టికెట్ కొంటామని మొదటి వర్గం వాదన. మన సినిమాల్లో చెంప మీద పుట్టుమచ్చ, గడ్డం అతికించుకుని విలన్ ఇంట్లో అడుగుపెట్టిన కథానాయకుడిని ఎవరూ పోల్చుకోకపోతే తెలుగు ప్రేక్షకుడు లేచి వెళ్లిపోడు, ఆనందిస్తాడు. ఆ వేషం పాత్రలను మోసగించడానికే, మనకు మాత్రం అంతా తెలిసే ఉండాలి. క్లార్క్ కళ్లజోడు కూడా అటువంటిదే అంటారు వీరు.

సంప్రదాయం సినిమా మిగతా స్వరూపంతో పొసగాలన్నది రెండో వర్గం మాట. ప్రతి తుపాకీ గుండుకూ ప్రతి వాహనానికీ సాంకేతిక వివరణ ఇచ్చే చిత్రం, రహస్యం దగ్గరికి రాగానే నమ్మేయమనడం కుదరదు. వాస్తవికతను వాగ్దానం చేసిన చిత్రం ఆ వాగ్దానాన్ని చివరిదాకా నిలబెట్టుకోవాలి. ‘ద డార్క్ నైట్’ ఈ కొలతకు చాలావరకు నిలుస్తుంది. రహస్యం కనిపెట్టిన ఉద్యోగి బెదిరించి డబ్బు గుంజాలనుకున్నప్పుడు, రాత్రుళ్లు నేరస్థులను ఒట్టి చేతులతో చావగొట్టే మహా ధనవంతుడినా నువ్వు బెదిరించబోయేది అని బ్రూస్ వేన్ సహచరుడు లూసియస్ ఫాక్స్ అడుగుతాడు. నిజం తెలిసినా నోరు మెదపకపోవడానికి అక్కడ ఒక కారణం దొరికింది.

మనసును ఏమార్చే కళ్లజోడు ఈ రెంటికీ మధ్య రాజీ. ఇది గన్ కొత్తగా కల్పించింది కాదు, 1978 నాటి ఒక కామిక్ సంచికలోనే సూపర్‌మ్యాన్ అద్దాలకు ఇటువంటి శక్తిని ఆపాదించారు. ఎగరగలిగే మనిషిని ఒప్పుకున్నాక మాయ అద్దాలను ఒప్పుకోవడంలో తప్పేముందన్న వాదనలో న్యాయముంది. నాకు మాత్రం అది అసంపూర్తిగా తోస్తుంది. అది జవాబు చెప్పేది ముఖం గురించి మాత్రమే. ఖాళీ కుర్చీకి, గొంతుకు, గాయానికి అది జవాబు కాదు. రీవ్ భుజాలు వంచి సాధించిన పనిని ఒక పరికరానికి అప్పగిస్తే నటుడికి చేయడానికి ఏం మిగులుతుందన్న బాధ కూడా ఉంది.

రహస్యాన్ని వదులుకున్న చిత్రాలు, అన్ని ముఖాలనూ చూసే యంత్రాలు

2008లో ‘ఐరన్‌మ్యాన్’ చివర టోనీ స్టార్క్ విలేకరుల ముందు తానే ఐరన్‌మ్యాన్ అని ప్రకటించేశాడు. ఆ తరువాత మార్వెల్ చిత్రాల్లో చాలామంది వీరులకు రహస్య జీవితమే లేదు. స్పైడర్‌మ్యాన్ ఒక్కడికి అది తప్పనిసరి, ఎందుకంటే అతను బడికి వెళ్లే పిల్లవాడు, ఇంట్లో పిన్ని ఉంది. 2019 చిత్రం చివర అతని పేరు లోకానికి తెలిసిపోయింది. 2021 నాటి ‘నో వే హోమ్’లో దాన్ని తిరిగి దాచడానికి లోకంలో అందరి జ్ఞాపకాల నుంచీ పీటర్ పార్కర్‌ను చెరిపేయవలసి వచ్చింది. ఒకసారి ముడి బయటపడితే, ముఖం కప్పుకోవడం వల్ల ప్రయోజనం లేదని ఆ కథ నిజాయితీగా ఒప్పుకుంది.

ఇప్పుడు ఈ కథలకు కొత్త చిక్కు వచ్చింది. హైదరాబాద్ విమానాశ్రయంలో డిజియాత్ర ద్వారా వెళ్లే ప్రయాణికుడి ముఖాన్ని ఒక కెమెరా పోల్చి లోపలికి పంపుతుంది. అటువంటి యంత్రానికి పరిచిత ముఖం, అపరిచిత ముఖం అన్న తేడా లేదు, కళ్లజోడుకు అది సులువుగా తికమకపడదు. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. మనిషి అనుమానం కలిగితేనే పోల్చి చూస్తాడు, యంత్రం ఎవరి మీదా అనుమానం లేకుండానే ఎదుటికి వచ్చిన ప్రతి ముఖాన్నీ పోల్చి చూడగలదు. సూపర్‌మ్యాన్‌ను ఇన్నేళ్లు కాపాడింది ఎవరూ ప్రశ్న అడగకపోవడమే కనుక, దీని దెబ్బ మొదట తగిలేది అతనికే. అతని ముఖం స్పష్టమైన ఫొటోలుగా లోకమంతటా ఉంది, క్లార్క్ కెంట్ ముఖం ఆఫీసు గుర్తింపు కార్డు మీద ఉంది. ఆ రెండు ఫొటోలను ఎవరైనా ఒకే యంత్రానికి ఇస్తే చాలు. తలంతా కప్పుకునే స్పైడర్‌మ్యాన్ దగ్గర పోల్చడానికి యంత్రానికి ముఖం దొరకదు, ఫోన్ ఉన్న చోటును, వెళ్లిన దారిని బట్టి వెతకాల్సి ఉంటుంది. మనుషుల కళ్ల ముందు అన్నింటికన్నా భద్రంగా నిలిచిన తెరిచిన ముఖం, కెమెరాల ముందు అన్నింటికన్నా బలహీనమైనదిగా మారింది. ఈ కాలపు నగరంలో జరిగే కథ రాసే రచయిత మొదట తేల్చుకోవలసిన సంగతి, ఆ రెండు ఫొటోలు ఒకే చోటికి చేరకుండా ఏది ఆపుతోందన్నది.